‘6జీ వెల్డర్లు దొరకడం లేదు’ అంటున్న యాజమాన్యాలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక సంఘాల పెద్దలకు, ప్రాజెక్టు పనులు చేయించే కంపెనీల హెచ్‌ఆర్, కన్‌స్ట్రక్షన్ విభాగాల అధిపతులకు,

నమస్కారం.

మీ సభల్లో ఎవరు మైకు అందుకున్నా రెండో నిమిషంలో వచ్చే మాట ఒకటుంది: ‘స్కిల్డ్ లేబర్ దొరకడం లేదండీ.’ ఆ మాట అబద్ధమని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్ తేదీ దగ్గరపడ్డాక, 6జీ పరీక్షకు (వాలుగా బిగించిన పైపు చుట్టూ వెల్డింగ్ చేయించే పరీక్ష) టెస్ట్ షెడ్ ముందు బారులు తీరిన వాళ్లలో చాలామంది, వేసిన అతుకుకు తీసే ఎక్స్‌రేలో ఫెయిలవడం, పాసైన ఒకరిద్దరి కోసం ముగ్గురు కాంట్రాక్టర్లు గేటు బయటే బేరాలాడడం మేమూ చూస్తున్నాం. అయితే కొరత అన్న ఒక్క మాట కింద మీరు మూడు వేర్వేరు సంగతులు కలిపి చెబుతున్నారు. అసలు మనుషులే లేకపోవడం ఒకటి. మనుషులున్నా మీరిచ్చే కూలికి రాకపోవడం రెండోది. మనుషులున్నారు, ఆ కూలికి వస్తారు కూడా, కానీ పనిలో ఆఖరి మెట్టు వాళ్లకు ఎవరూ నేర్పలేదు, ఇది మూడోది. ఐటీఐల్లో వెల్డర్, ఫిట్టర్ ట్రేడ్లు చెప్పేవాళ్లం, సైట్లలో వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్లం కలిసి రాస్తున్నాం కాబట్టి ఆ మూడోదాని మీదే ఎక్కువ మాట్లాడతాం. మొదటి రెండూ దారిలో ఎలాగూ తగులుతాయి.

ముందు మా ఇంటి లెక్క చెబుతాం. ఐటీఐలో వెల్డర్ కోర్సు ఏడాది. 2022లో సవరించిన సిలబస్ ప్రకారం ఆ ఏడాదిలో ప్రాక్టికల్‌కు 840 గంటలు, థియరీకి 240, ఎంప్లాయబిలిటీ స్కిల్స్‌కు 120. 840 అంటే బాగానే ఉంది కదా అనిపిస్తుంది. బ్యాచ్‌కు 20 మంది. షెడ్డులో ఆరు వెల్డింగ్ సెట్లే పనిచేస్తున్నాయనుకోండి, ఒక్కో పిల్లవాడి చేతికి రాడ్డు బిగించే హోల్డర్ వచ్చేది 252 గంటలు. ప్లేటు కోయడం, అంచు గ్రైండ్ చేయడం, ట్యాకులు (ముక్కలు కదలకుండా వేసే చిన్న అతుకులు) వేయడం, స్లాగ్ (అతుకు మీద గట్టిపడే చిట్టెం) కొట్టడం పోగా ఆర్క్ గానీ గ్యాస్ మంట గానీ వెలిగి ఉండేది అందులో మూడో వంతు అనుకుంటే 84 గంటలు. గ్యాస్ వెల్డింగ్, గ్యాస్ కటింగ్, తీగతో చేసే మిగ్, ఆర్గాన్ వాయువు రక్షణలో చేసే ఆర్గాన్ వెల్డింగ్, ప్లేటు మీద నాలుగు పొజిషన్లు, అన్నీ ఆ 84లోనే సర్దుకోవాలి. పైపు దగ్గరికి వచ్చేసరికి మిగిలేది కొన్ని రోజులే. రాడ్ల ఇండెంటు ఆలస్యమైన ఏడాది ఆ కొన్ని రోజులూ ఉండవు. ఇలా బయటికొచ్చిన పిల్లవాడు ఫ్లాట్‌లో మామూలు 6013 రాడ్డుతో ఫిల్లెట్ (మూలలో వేసే అతుకు) నీటుగా వేస్తాడు. గ్రిల్స్ షాపులోనో ట్రాలీలు చేసే చోటో మర్నాటి నుంచే పనికొస్తాడు. మీకు కావలసింది అతను కాదు. మీ ప్రకటనలో ఉండేది ‘6జీ, ఆర్గాన్ ప్లస్ ఆర్క్, మూడేళ్ల అనుభవం’.

ఆ 6జీ అనేదేమిటో మీలో చాలామందికి తెలుసు. కానీ సంతకాలు పెట్టేవాళ్లలో కొందరు దాన్ని ఒక సర్టిఫికెట్ పేరనుకుంటున్నట్టు కనిపిస్తోంది కాబట్టి దగ్గరనుంచి చూపిస్తాం. 6 అంగుళాల షెడ్యూల్ 80 పైపు, గోడ మందం దాదాపు 11 మిల్లీమీటర్లు. 150 మిల్లీమీటర్ల ముక్కలు రెండు. ఒక్కో అంచు 37.5 డిగ్రీల వాలుకు తీసి, కొసన 1.5 మిల్లీమీటర్ల ల్యాండ్ (వాలు తీయని నిటారు అంచు) వదిలి, మధ్యలో 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల సందుతో నాలుగు చోట్ల ట్యాక్ వేస్తారు. జత చేసిన పైపును 45 డిగ్రీల వాలున బిగిస్తారు. ఇక అది కదలదు, తిరగదు. మనిషే దాని చుట్టూ తిరగాలి. అడుగున వేసే మొదటి పొర, అంటే రూట్, ఆర్గాన్‌తో, 2.4 మిల్లీమీటర్ల ఫిల్లర్ తీగతో. ఆపైన ఒక్కో పొరగా (ఒక్కో పొర ఒక పాసు) హాట్ పాస్, ఫిల్లింగ్, క్యాపింగ్ 7018 రాడ్లతో, ముందు 2.5, తర్వాత 3.15. ఒకే జాయింట్‌లో ఫ్లాట్, వర్టికల్, ఓవర్‌హెడ్ మూడూ వస్తాయి, పైగా వాలుగా వస్తాయి. అందుకే ఇందులో పాసైనవాడు మిగతా పొజిషన్లన్నిటికీ అర్హుడని అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం (ఏఎస్‌ఎంఈ) ప్రమాణాల్లోని సెక్షన్ 9 ఒప్పుకుంటుంది.

ఎక్కడ పోతారో చెప్పడం మాకు కష్టం కాదు, ఎందుకంటే అందరూ దాదాపు అవే చోట్ల పోతారు. పైపును గడియారం అనుకుంటే 6 అంకె దగ్గర కరిగిన లోహం బరువుకు కిందికి జారుతుంది. లోపలివైపు రూట్ ఉబ్బాల్సిన చోట గుంట పడుతుంది. ఎక్స్‌రే ఫిలిం మీద అది నల్లటి గీతలా కనిపిస్తుంది. అదే పిల్లవాడు 12 దగ్గరికొచ్చేసరికి భయంతో ఎక్కువ వేడి పెట్టి లోపల ముద్దలు దింపుతాడు. ట్యాక్ రెండు కొసలనూ గ్రైండర్‌తో పలచగా వాలు తీయకపోతే రూట్ అక్కడ కలిసినట్టే ఉంటుంది, కలవదు. 7018 రాడ్డు అంటించేటప్పుడు ఆర్క్ పొడుగు లాగితే మొదటి అర అంగుళంలో బుడగలు. ఒక పాసుకీ ఇంకో పాసుకీ మధ్య అంచుల్లోని స్లాగ్‌ను వైర్ బ్రష్‌తో సరిపెట్టి పైన ఇంకో పాసు వేస్తే అది లోపలే ఉండిపోతుంది. షెడ్డుకు ఒక పక్క గోడ లేక గాలి కొడితే నిమిషానికి పది లీటర్ల ఆర్గాన్ పోతున్నా కరిగిన లోహానికి గాలి నుంచి కాపలా ఉండదు.

ఇక్కడ ఒక పక్కమాట. టెస్టులో పోయిన తప్పంతా వెల్డర్‌దే కాదు. 7018 రాడ్లను డబ్బా తెరిచాక 300 నుంచి 350 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు కాల్చి, 100 డిగ్రీలకు తగ్గకుండా హోల్డింగ్ ఓవెన్‌లో ఉంచి, వెల్డర్ చేతికి చిన్న పోర్టబుల్ ఓవెన్‌లో వేడివేడిగా ఇవ్వాలి. టెస్ట్ షెడ్లలో మేము చూసే దృశ్యం వేరు: ఓవెన్ ఉంటుంది, ప్లగ్గు ఉండదు. లేదా ప్లగ్గు ఉంటుంది, సాకెట్ గ్రైండర్‌కు పోయి ఉంటుంది. రాడ్లు అన్నం క్యారియర్ పక్కన సంచిలో. తేమ పట్టిన రాడ్డుతో బుడగలు రాకుండా వేయడం ఇరవై ఏళ్ల చేతికీ కష్టమే. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లో జులైలో మరీను. ఆ ఫిలిం చూసి ‘వెల్డర్ ఫెయిల్’ అని రాస్తారు. ఆ లెక్కే చివరికి మీ సభలో కొరత లెక్కై కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఐటీఐ పాసైన పిల్లవాణ్ని ఈ టెస్టులో నిలబెట్టడానికి ఏం కావాలి? మేము కాగితం మీద వేసిన లెక్క ఇది. ఒక పైపు లెంగ్తు 6 మీటర్లు. 6 అంగుళాల షెడ్యూల్ 80 అయితే మీటరుకు 42.5 కిలోలు, మొత్తం 255 కిలోలు. రంపం పోగొట్టేది తీసేస్తే 150 మిల్లీమీటర్ల ముక్కలు 39 వస్తాయి, అంటే 19 జతలు. వెల్డ్ చేశాక జాయింట్‌కు అటూ ఇటూ 15 మిల్లీమీటర్ల చొప్పున కోసి పారేసి మళ్లీ బెవెల్ (అంచు వాలు) తీస్తే అదే ముక్క ఇంకో రెండుసార్లు పనికొస్తుంది. మొత్తం 57 జాయింట్లు. ఒక్కో జాయింట్‌లో నిండే లోహం దాదాపు అర కిలో. కొసలు, చిటపటలు, స్లాగ్ కలుపుకుని రాడ్లు 700 గ్రాములు వేసుకోండి, మొత్తం 40 కిలోలు. రూట్‌కు ఫిల్లర్ నాలుగైదు కిలోలు. ఆర్గాన్ జాయింట్‌కు 200 లీటర్ల లెక్కన 7 ఘనమీటర్ల సిలిండర్లు రెండు. గ్రైండింగ్ చక్రాలు మూడు డజన్లు. నేర్చుకునేవాడు ఫిట్టింగ్‌తో సహా రోజుకు రెండు జాయింట్లు చేస్తాడు కాబట్టి 29 పని దినాలు. బెండ్ టెస్టులకు (అతుకును వంచి పగులుతుందేమో చూడడం), పోయినవి విప్పి ఎందుకు పోయాయో చూపించడానికి ఇంకో వారం. ఆరు వారాలు అనుకుందాం.

అంతా కలిపి ఒక పైపు, 40 కిలోల రాడ్లు, రెండు సిలిండర్లు, ఆరు వారాల తిండి, పక్కన నిలబడి చేయి పట్టుకునే ఒక మనిషి. ధరలు మేము రాయడం లేదు, మీ స్టోర్స్‌లోనే రేట్లుంటాయి, వేయించి చూడండి. పక్కనే ఇంకో కాలమ్ గీసి సైట్‌లో ఒక రిపేర్ జాయింట్ ఖర్చు కూడా వేయించండి: గ్రైండ్ చేసి తీయడం, మళ్లీ వెల్డింగ్, మళ్లీ రేడియోగ్రఫీ, దానికోసం రాత్రి ఆ చుట్టుపక్కల పని ఆపి మనుషుల్ని ఖాళీ చేయించడం, హైడ్రో టెస్టు (పైపుల్లో నీళ్లు ఒత్తిడితో నింపి చూసే పరీక్ష) ఒక రోజు వెనక్కి జరగడం. ఈ రెండు కాలమ్‌లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్న యాజమాన్యాన్ని మేమింతవరకు చూడలేదు.

ఆరు వారాలకే అందరూ పాసవుతారని మేము చెప్పడం లేదు. కొందరికి చేయి తిరగదు. కళ్లు బాగుండనివాళ్లూ ఉంటారు. వాళ్లను పంపేముందు కంటి పరీక్ష చేయించడం కూడా ఎవరికీ తట్టదు. కానీ వెయ్యి మందిలో వెతికి దొరకలేదనడం కన్నా, పదిమందిని తీసుకుని ఆరు వారాలు పెట్టడం నయం.

పైపులు కొలిచి, కోసి, జతచేసే ఫిట్టర్ల సంగతి ఇంతకన్నా విచిత్రం. అక్కడ కావలసింది సిలిండర్ కూడా కాదు, ఒక నల్లబల్ల. ఐసోమెట్రిక్ డ్రాయింగ్ (పైపు లైను మూడు దిక్కుల్లో ఎలా పోతుందో చూపే బొమ్మ) చదివి కటింగ్ కొలత తీయడం రాదు, అంతే. 6 అంగుళాల లాంగ్ రేడియస్ ఎల్బో (పైపును మలుపు తిప్పే ముక్క) మధ్య గీత నుంచి అంచుకు 229 మిల్లీమీటర్లు, అంటే నామినల్ సైజుకు ఒకటిన్నర రెట్లు. రెండు ఎల్బోల మధ్య సెంటర్ టు సెంటర్ 2000 అని డ్రాయింగ్‌లో ఉంటే, రెండు 229లు తీసేయాలి, రెండు జాయింట్ల సందులు 3 చొప్పున తీసేయాలి, మిగిలేది 1536. ఈ ఆఖరి 6 మిల్లీమీటర్లు మరచిపోవడం సైట్లలో నిత్యకృత్యం. ఐదు ముక్కల లైనులో అది 30 మిల్లీమీటర్లవుతుంది. ఫ్లేంజి (పైపు కొసన బోల్టులు బిగించే చక్రం) ఎదురుగా కూర్చోదు. అప్పుడు చెయిన్ బ్లాక్ కట్టి లాగి బోల్టులు బిగిస్తారు. ఆ లాగుడు బరువంతా పంపు నాజిల్ మీద పడుతుంది, అలైన్‌మెంట్ చెడుతుంది, కొన్నాళ్లకు సీల్ కారుతుంది. మెయింటెనెన్స్‌వాళ్లు సీల్ కంపెనీని తిడతారు. ఆ తప్పు పుట్టింది మాత్రం కూడికలు తీసివేతల్లో. వారం రోజులు, రోజుకు రెండు గంటలు బల్ల మీద చెబితే పోయే లోపం ఇది.

నిజమైన కొరత ఉన్నచోట్లు కూడా ఉన్నాయి, దాచం. పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్) లోపలికి వెళ్లి తప్పు ఎక్కడుందో పట్టే ఎలక్ట్రీషియన్లు, 33 కేవీ కేబుల్ జాయింట్ వేసేవాళ్లు, డ్రాయింగ్ చూసి సొంతంగా ప్రోగ్రాం రాసే సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రాల) మనుషులు, శబ్ద తరంగాలతో లోపాలు పట్టే అల్ట్రాసోనిక్ టెస్టింగ్‌లో లెవల్ 2 చేసినవాళ్లు ఆరు వారాల్లో తయారు కారు. ఏళ్లు పడుతుంది. వాళ్ల విషయంలో మీ బాధ మాకు అర్థమవుతుంది. కాకపోతే వాళ్లు కూడా పైనుంచి ఊడిపడరు, ఈ కింది మెట్ల నుంచే రావాలి.

మరి అంత చిన్న ఖర్చు ఎందుకు పెట్టరు? మీ జవాబు మాకు కంఠస్థమే: ‘మేము నేర్పిస్తే పక్క కంపెనీవాడు రెండు వేలు ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతాడు.’ నిజమే, పోతాడు. మీరూ నిన్న అలాగే ఒకణ్ని తెచ్చుకున్నారు. అందరూ కోతకు వచ్చి ఒక్కరూ విత్తనం వేయని చేను ఇది. ఒక్క కంపెనీ ఒంటరిగా చేస్తే నష్టపోయే మాట నిజం కాబట్టే ఈ లేఖ ఏ ఒక్క కంపెనీకీ రాయకుండా మీ సంఘాలకు రాస్తున్నాం. జీడిమెట్ల, పటాన్‌చెరు, గాజువాక ఆటోనగర్, అచ్యుతాపురం, శ్రీసిటీ, ఒక్కో చోట వందల యూనిట్లు గోడలు ఆనుకుని ఉన్నాయి. పది యూనిట్లు కలిస్తే ఒక్కొక్కరి వాటా ఏడాదికి రెండు మూడు పైపులు. నేర్చినవాడు ఈ పదింటిలో ఎక్కడికి పోయినా ఊళ్లోనే ఉన్నట్టు.

పదింటికీ కాకుండా దేశం దాటి పోయే సంగతి వేరు. 2024లో ఇజ్రాయెల్ నిర్మాణ పనులకు హైదరాబాద్‌లో ఎంపికలు పెట్టినప్పుడు షట్టరింగ్ కార్పెంటర్, బార్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్ పనులకు నెలకు సుమారు 1 లక్షా 37 వేల రూపాయలు అన్నారు. యుద్ధం జరుగుతున్న దేశానికి, అయినా మనవాళ్లు వరుసలో నిలబడ్డారు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ పల్లెల్లో, కోనసీమలో, కడప జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి దొరకడం కష్టం. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్ అని విదేశాలకు మనుషుల్ని పంపడానికే సంస్థలున్నాయి. పనిమంతులే లేని నేలలో ఎగుమతికి సంస్థ ఎందుకు పెడతారు చెప్పండి!

కూలి సంగతికి వద్దాం. కేంద్ర పరిధిలోని నిర్మాణ పనులకు 2024 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ‘ఏ’ ప్రాంతంలో (పెద్ద నగరాల్లో) కనీస వేతనం అన్‌స్కిల్డ్‌కు రోజుకు 783 రూపాయలు, సెమీ స్కిల్డ్‌కు 868, స్కిల్డ్‌కు 954, హైలీ స్కిల్డ్‌కు 1,035గా ఉండేది. చట్టం గీసిన అడుగు గీత ఇది, దీనికన్నా ఎక్కువ ఇవ్వొద్దని ఎవరూ అనలేదు. ఆ మాటకొస్తే 6జీ వెల్డర్‌కు షట్‌డౌన్ రోజుల్లో దీనికి బాగా పైనే ముడుతుంది. కానీ మధ్య మెట్లు చూడండి. ఏమీ రాని మనిషికీ, అన్నీ వచ్చిన మనిషికీ తేడా 252 రూపాయలు. స్కిల్డ్ నుంచి హైలీ స్కిల్డ్‌కు ఎక్కడానికి 81 రూపాయలు. చాలామంది కాంట్రాక్టర్ల మస్టర్లలో ఈ అడుగు గీతే పైకప్పు. పైగా హెల్పర్‌గా చేరినవాడు రెండేళ్ల తర్వాత వర్టికల్ వెల్డింగ్ చేస్తున్నా మస్టర్‌లో హెల్పర్‌గానే ఉంటాడు. పేరు మారిస్తే రేటు మార్చాలి కదా. ఆ 81 రూపాయల కోసం కళ్లు మండించుకుని 6 అంకె కింద మెడ వాల్చి ఎవడు సాధన చేస్తాడు?

అప్రెంటిస్ దగ్గర ఈ లెక్క ఇంకా తేలిపోతుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం, 2019లో సవరించిన నిబంధనలతో, 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఆ నిబంధనలు ఐటీఐ పాసైనవారికి పెట్టిన కనీస స్టైపెండ్ నెలకు 7,000. అందులో పావు వంతు, 1,500 మించకుండా, కేంద్రం భరించే పథకం 2016 నుంచి ఉంది. స్టైపెండ్లు 36 శాతం పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. 7,000ను 30తో భాగించండి: రోజుకు 233. అదే పిల్లవాడు పక్క సైట్‌లో ఇసుక మోస్తే 2024 నాటి ఆ రేటు ప్రకారమే 783 రావాలి. ఏడాది కోర్సు చదివిన పాపానికి 550 తగ్గింపు! అయినా కొందరు వస్తారు, పని నేర్పుతారనే ఆశతో. వచ్చినవాణ్ని మీరు ఎక్కడ పెడుతున్నారో మీ షాప్ ఫ్లోర్‌కు వెళ్లి చూడండి. గ్రైండింగ్, మోత, టూల్ రూమ్ రిజిస్టర్. ఏడాది పూర్తయ్యేసరికి అతని చేతిలో హోల్డర్ పట్టిన గంటలెన్నో రాసిన కాగితం ఒక్కటీ ఉండదు.

కాగితం అంటే గుర్తొచ్చింది. ఇది పైసా ఖర్చులేని పని కాబట్టి గట్టిగా అడుగుతున్నాం. ఏఎస్‌ఎంఈ పద్ధతిలో వెల్డర్ క్వాలిఫికేషన్ రికార్డు యాజమాన్యం బాధ్యత. దాని అసలు కాగితం మీ క్యూసీ (నాణ్యత తనిఖీ) ఫైల్లో ఉండాలి, సరే. నకలు ఎందుకు ఇవ్వరు? ప్రాజెక్టు అయిపోయి బయటికొచ్చిన వెల్డర్ దగ్గర గేట్‌పాస్ తప్ప ఏమీ మిగలదు. ఆ ప్రాసెస్‌లో ఆరు నెలలు వరుసగా వెల్డింగ్ చేయకపోతే క్వాలిఫికేషన్ పోతుందన్న నియమం కూడా ఉంది. చేస్తూనే ఉన్నాడని రుజువు చేసే కంటిన్యుటీ లాగ్ కూడా మీ ఫైల్లోనే నిద్రపోతుంది. కొత్త సైట్‌లో అతను మళ్లీ మొదటి అక్షరం దగ్గర మొదలుపెట్టాలి. మీరు మళ్లీ పైపు కోయాలి, ఫిలిం తీయాలి. బాయిలర్ల శాఖ పరీక్ష పెట్టి ఇచ్చే ఐబీఆర్ (భారత బాయిలర్ నిబంధనల) సర్టిఫికెట్ మనిషి పేరుతో, మనిషి చేతిలో ఉంటుంది. అందుకే ఆ వెల్డర్లకు ఎక్కడైనా విలువ. ప్రతి వెల్డర్‌కు తన క్వాలిఫికేషన్ నకలు, లాగ్ బుక్ ఇవ్వండి. ప్రాసెస్, పొజిషన్, పైపు సైజు, మందం, తేదీ, వేసిన జాయింట్లెన్ని, రిపేరుకు పోయినవెన్ని, ఇన్‌స్పెక్టర్ సంతకం, ఇంతే చాలు. కొత్త యాజమాన్యం టెస్టు మళ్లీ పెట్టుకోవచ్చు, కానీ వందమందిలో ఎవరిని టెస్టుకు పిలవాలో ఆ బుక్కే చెబుతుంది.

ఇంకో చిక్కు కాలానిది. యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం 5 యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు. భద్రాద్రి 4 యూనిట్లు, ఒక్కోటి 270. విశాఖ రిఫైనరీ విస్తరణ. ఇలాంటివి నడిచినన్నాళ్లు ట్యూబులు, పైపుల జాయింట్లకు లెక్కుండదు, ఒడిశా, జార్ఖండ్, బిహార్, యూపీ నుంచి రైళ్ల కొద్దీ మనుషులు వస్తారు. బాయిలర్ వెలిగించగానే అందరూ ఇంటికి. పని లేని ఆరు నెలలు వెల్డర్ ఏం చేస్తున్నాడో ఎవరికీ పట్టదు. ఆటో నడుపుతాడు, చేపల చెరువు దగ్గర కాపలా ఉంటాడు, దుబాయ్ ఏజెంటుకు డబ్బు కడతాడు. ఏడాది తర్వాత మీరు పిలిచినప్పుడు అతను ఉండడు, ఉన్నా చేయి మొద్దుబారి ఉంటుంది. ఆ ఖాళీ కాలానికి ఉంచుకునే రిటెయినర్ జీతం గురించి ఏ టెండర్‌లోనైనా ఒక్క లైను ఉంటుందా? క్రేన్‌కు మాత్రం పనిలేని రోజులకీ అద్దె రాసుకుంటారు.

ప్రభుత్వాలను వదిలేస్తున్నామనుకోకండి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2024లో మొదలైంది. దేశమంతా వెయ్యి ఐటీఐల ఆధునికీకరణకు 60 వేల కోట్ల పథకాన్ని 2025లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అందులో 10 వేల కోట్లు పరిశ్రమల వాటా. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు రావడం సంతోషమే. యంత్రానికి మేత కూడా ఉండాలి. సీఎన్‌సీకి కార్బైడ్ ఇన్సర్టులు, కూలెంట్, కోసుకోవడానికి ఇనుప కడ్డీలు నెలనెలా కావాలి. వెల్డింగ్ సిమ్యులేటర్ మీద పిల్లలు చక్కగా పాసవుతారు, పొగా ఉండదు, వేడీ ఉండదు, 6 దగ్గర లోహం జారదు కూడా. తర్వాత అసలు పైపు ముందు నిలబెడితే చేయి వణుకుతుంది. యంత్రాల కొనుగోలుకు ఒకసారి ఇచ్చే డబ్బు కన్నా ఏటా ముడిసరుకుకు ఇచ్చే డబ్బు ముఖ్యమని ఆ కమిటీల్లో కూర్చునే మీ ప్రతినిధులు చెబితే వింటారు. మేము చెబితే ఫైలు కదలదు. ఖాళీగా ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పోస్టుల సంగతీ అంతే.

సర్టిఫికెట్లు పంచే పథకాల మీద మాకు పెద్ద నమ్మకం లేదు. 2022-23 లేబర్ సర్వే ప్రకారం 15 నుంచి 29 ఏళ్ల వాళ్లలో లాంఛనంగా వృత్తి శిక్షణ పొందినవాళ్లు 4.4 శాతం, మరో 16.6 శాతం మేస్త్రీ దగ్గరో తండ్రి దగ్గరో ఎక్కడో నేర్చుకున్నవాళ్లు. మొదటివాళ్లకు దాదాపు నాలుగింతలు. వాళ్లను గుర్తించడానికి ముందస్తు నైపుణ్య గుర్తింపు అని ఒక ఏర్పాటుంది. కొన్ని గంటలు కూర్చోబెట్టి కాగితం చేతిలో పెడతారు. బెండ్ టెస్టు లేని వెల్డింగ్ సర్టిఫికెట్‌ను మీరెవరూ లెక్కచేయరు, మేమూ చేయం. అదే మనిషికి జాయింట్ వేయించి, 38 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు కోసి వంచి చూపిస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. పగిలిందా లేదా, అంతే. ఆ పరీక్ష ఖర్చు మీ సంఘాలు పెట్టుకోండి, 16.6 శాతంలో మీకు కావలసినవాళ్లెందరో బయటపడతారు.

ఆడపిల్లల మాట ఒక్కటి. వెల్డర్ ట్రేడ్‌లో చేరేవాళ్లు తక్కువే అయినా చేరినవాళ్ల చేయి నిలకడగా ఉంటుందని మా షెడ్లలో ఎవరినడిగినా చెబుతారు. వాళ్లను సైట్‌కు పంపాలంటే తలుపు గడియ పడే మరుగుదొడ్డి ఉందా అని మేము ఫోన్‌లో అడగాల్సి వస్తోంది. చాలాసార్లు అవతలివాళ్లు ‘కనుక్కుని చెబుతాం’ అంటారు.

ఇక మేము కోరేది. ఐటీఐ వెల్డర్ ఫలితాలు వచ్చిన నెలలోనే, మీ వాడకు దగ్గరున్న ఐటీఐతో ఒప్పందం రాసుకోండి. పది యూనిట్లు కలిసి మొదటి బ్యాచ్‌కు పదిమంది. మా షెడ్డు సాయంత్రం నాలుగున్నర తర్వాత, ఆదివారాలు ఖాళీ, కరెంటు ఉంది. సెట్లు మావి. పది పైపు లెంగ్తులు, 400 కిలోల 7018 రాడ్లు, 20 ఆర్గాన్ సిలిండర్లు, 50 కిలోల ఫిల్లర్, గ్రైండింగ్ చక్రాలు మీవి. పనిచేసే ఓవెన్ ఒకటి, ప్లగ్గుతో సహా. సాయంత్రాలు, ఆదివారాలు మాత్రమే అయితే ఆరు వారాలు పన్నెండవుతాయి, పగటిపూట కూడా రెండు బూత్‌లు వదలగలిగితే ఎనిమిది. నేర్చుకునేవాళ్లకు ఆ వారాలకు సెమీ స్కిల్డ్ కనీస వేతనం ఇవ్వండి, 7,000 కాదు. చివరి రోజు మీ థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్టర్‌నే పంపి టెస్టు పెట్టుకోండి. పాసైనవాడికి ఎంత రేటు ఇస్తారో మొదటి రోజే గోడ మీద రాయండి: ప్లేటు 3జీకి (నిటారు ప్లేటు) ఇంత, పైపు 5జీకి (అడ్డంగా బిగించిన పైపు) ఇంత, 6జీకి ఇంత, ఏడాదిలో రిపేర్ రేటు తక్కువ ఉంటే ఇంకో ఇంత. మెట్టు కనిపిస్తే ఎక్కుతారు. పది యూనిట్లలో ఎవరైనా ఎవరి మనిషినైనా ఏడాదిలోపు తీసుకుంటే శిక్షణ ఖర్చు వాటా చెల్లించేలా మీలో మీరు రాసుకోండి, ఆ మనిషి కాగితాలు ఆపడం మాత్రం కుదరదు. ఫిట్టర్లకు ఐసోమెట్రిక్ క్లాసు మేమే ఉచితంగా చెబుతాం, మీ దగ్గర పాతబడిన డ్రాయింగులు ఓ ఇరవై పంపండి చాలు.

ఈ పది పైపులకు ఏ సంఘం ముందుకొస్తుందో తెలియజేస్తే మర్నాడే కటింగ్ మొదలుపెడతాం. బ్యాండ్‌సా బ్లేడు ఒకటి కొత్తది కావాలి, ఉన్నది పళ్లు పోయింది.

ఇట్లు,
రెండు రాష్ట్రాల వెల్డర్, ఫిట్టర్ ట్రేడ్ శిక్షకులు, వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్లు కొందరం